అమ్మ కోసం వెతికితే ఎర్రక్క దొరికింది

నవ్వకుండా వింటామంటేనే చెప్తాను. పోయిన వారమంతా నేను మా అమ్మ ఫొటో ముందర అగరొత్తులు ముట్టించి, కండ్లనీళ్ళు పెట్టుకొని, ఆమెకు అస్సలు పడని మనిషి పాట వినిపించినాను. అదీ ఒకసారి కాదు, పొద్దున్నా సాయంత్రమూ.

సంగతేమంటే, నాకు మా అమ్మ గొంతు తెలీదు. నాకు మాటలు సరిగ్గా రాకముందే ఆమె పోయింది. ఫొటో ఒకటి ఉంది గానీ దాంట్లో నోరు బిగించుకొని ఉంటుంది. మా నాయన మాత్రం బతికినన్నాళ్ళూ చెప్పేవాడు: "మీ అమ్మ పాడతాంటే టేపులో పట్టుకోను టౌన్నుంచి ఎవరో సారొచ్చినాడు పాపా, మన కంబదూరుకు." ఆ టేపు ఏమైందో ఆయనకూ తెలీదు. ఆ గొంతు ఒక్కసారి వినాలని నాకెంత ఆశో చెప్పలేను. నైటీలు కుడతా కుడతా మిషన్ ఆపి, అమ్మ పాడితే ఎట్లుంటుందో అని ఊహించుకునేదాన్ని. ఎంత ఊహించినా నా గొంతే వినపడేది. నాదేమో కాకి గొంతు.

ఈ మధ్య పామిడిలో మా అంగడికి వచ్చిన ఒక టీచరమ్మ మాటల్లో మాటగా చెప్పింది, జానపద పాటల పాత టేపులన్నీ ఏదో యూనివర్సిటీ వాళ్ళు నెట్లో పెట్టినారని. ఆమెకు బిల్లు ఇవ్వడం కూడా మర్చిపోయి ఫోన్ పట్టుకున్నాను.

సెర్చ్ అని డబ్బా కనపడగానే మనిషితో మాట్లాడినట్టు కొట్టినాను: మా అమ్మ అంజినమ్మ కంబదూరులో పాడిన పాట కావాలి సార్. పెద్ద యూనివర్సిటీ కదా, మర్యాదగా ఉండాలని సార్ కూడా పెట్టినాను. ఫలితాలు లేవు అంది. సార్ తీసేసి కొట్టినాను. అప్పుడూ లేవు.

మా ఆయన వెనకనుంచి తొంగి చూసి, "దండాలు అని గూడా పెట్టి చూడు, మనసు కరుగుతుందేమో" అన్నాడు.

కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది, పొడుగు వాక్యాలు వద్దు, ముఖ్యమైన మాటలు ఒకటి రెండు చాలు అని. సరే అని ఒట్టి అంజినమ్మ అని కొట్టినాను. ఏమీ లేదు. చూస్తే, మగవాళ్ళు పాడిన పాటలకు పేర్లు రాసినారు, ఆడవాళ్ళు పాడినవాటికి 'బృందం' అని రాసి చేతులు దులుపుకున్నారు. అమ్మ వాన పాటలు బాగా పాడేదని నాయన అనేవాడు, పోనీ అని వాన అని కొట్టినాను. వందలకొద్దీ వచ్చి పడినాయి. మా జిల్లాలో వాన పడేది పాటల్లోనే మరి.

అప్పుడు బుర్ర వాడినాను. కంబదూరు వాన పాట. అంతే. ఒకే ఒక్కటి వచ్చింది, మహిళల బృందం అని. నొక్కితే, కంచు గొంతు! అందరికన్నా పైన ఒకామె ఎత్తుకుంటాంది. ఇదే మా అమ్మ అనుకొని బోరుమన్నాను. మా ఆయన కూడా తువ్వాలతో కండ్లు అద్దుకున్నాడు. ఇంకేముంది, రింగ్‌టోన్ అదే, పూజ అదే. ఫ్యామిలీ గ్రూపులో పెడితే "అచ్చం నీ గొంతే అక్కా" అని మెచ్చుకున్నారు. అట్ల అన్నవాళ్ళందరికీ విడివిడిగా థాంక్స్ చెప్పుకున్నాను.

మా అమ్మ చెల్లెలు కళ్యాణదుర్గంలో ఉంటుంది. చిన్నమ్మకు నెట్ ఫోన్ లేదు. నేనే వినిపించి, ఆమె ఏడిస్తే ఓదార్చి వద్దామని బస్సెక్కి పోయినాను. చిన్నమ్మ ఆకూవక్కా నములుతూ మొత్తం వినింది. ఏడవలేదు.

"ఈమె యాడ దొరికిందే నీకు?"

"ఈమె ఏంది చిన్నమ్మా, అమ్మ కదా?"

"మీ అమ్మ గాదు. ఎర్రక్క ఇది. మీ ఇంటెనకాల ఉండేది. బోరింగు కాడ బిందెల వరస కోసం ఇద్దరూ జుట్లు పట్టుకున్యారు. మీ అమ్మ మళ్ళా దాని మొగం చూసింది లేదు."

సరిగ్గా అప్పుడే మా ఆయన ఫోన్ చేసినాడు. నా చేతిలో ఎర్రక్క మళ్ళీ ఎత్తుకుంది.

"ముందు దాని నోరు మూయించు" అంది చిన్నమ్మ.

ఓదార్చడానికి పోయిన దాన్ని అక్కడే కూలబడి ఏడ్చినాను. అమ్మ పాట ఇంక లేనట్టేనా అని. చిన్నమ్మ కొంగుతో నా మొగం తుడిచి అంది: "నువ్వు పాడనిస్తే గదా ఉండేకి. సంకనేసుకోని పాడతాంటే ఒకటే ఏడుపు. ఆ టేపుల సారు తల కొట్టుకున్యాడు."

తిరుగు బస్సులో ఆ మాటే బుర్రలో తిరిగింది. ఏడుపు అని కొట్టినాను. చావు దగ్గర పాడేవన్నీ వచ్చినాయి. తెలీక ఒకటి నొక్కితే బస్సంతా నా వైపు తిరిగింది, పక్క సీటామె "ఎవరమ్మా పోయింది?" అని చెయ్యి పట్టుకుంది. ఎవరూ పోలేదని ఆమెకు చెప్పి, ఇంకో మాట కలిపి పిల్ల ఏడుపు అని కొట్టినాను.

ఒకటే ఉంది. ఊరి పేరు లేదు, పాట పేరు లేదు. పాడైపోయిన టేపుల్లో పడేసినారు. ఎదురుగా రాసింది ఇంతే: మధ్యలో పిల్ల ఏడుపు, మళ్ళీ రికార్డు చేయవలెను.

మళ్ళీ చేయలేదు. ఆ ఏడే అమ్మ పోయింది.

ఇంటికొచ్చి విన్నాను. సన్న గొంతు, కొంచెం జీర. ఎర్రక్క ముందర చాలదు. పాట ఎత్తుకోవడమే ఆలస్యం, నేను అందుకున్నాను. నా అరుపుల మధ్య అమ్మ ఆపి, "ఏడవొద్దు సుజీ, ఈ ఒక్క పాట ఐతానే ఇంటికి పోదాం" అనింది. నా పేరు ఆమె నోట వినడం నాకు తెలిసి అదే మొదలు. ఆ మాట కోసం ఎన్ని ఏండ్లయినా వెతుకుతూ ఉండేదాన్నే.

పాట మాత్రం ఇప్పటికీ సరిగ్గా వినలేదు. ఆమె ఎత్తుకోగానే టేపులో నేను మొదలుపెడతాను, అది విని బయట నేను మొదలుపెడతాను. నిన్న కూడా అంతే. మా ఆయన మంచినీళ్ళ చెంబు నా చేతికిచ్చి పక్కన కూచున్నాడు.

"ఏమే, ఈసారన్నా ఆమెను పాడనీ."