గోడకు అంటించిన కాగితం

“ఆ కాగితంలో ఏముందో ఒక్కసారి చెప్పవే” అన్నాడాయన.

“ఎదురుగానే ఉందిగా. చదువొచ్చిన మనిషి, మీరే చదువుకోండి” అన్నాను.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆయన మంచం మీద ఉన్నాడు, నేను పొయ్యి దగ్గర ఉన్నాను, పాలు పొంగుకొస్తున్నాయి. పాలు దించి, చెయ్యి కడుక్కుని, సరే చెబుదాంలే అని వచ్చేసరికి ఆయన గోడవైపు తిరిగి ఉన్నాడు. నా మాట విని చదువుకుంటున్నాడనుకున్నాను. అలా అనుకునే కాసేపు నిలబడ్డాను. ఎంతకీ తల తిప్పకపోతే వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను.

ఇన్నేళ్ళ తరవాత ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, మొన్న మా మరిది మనవరాలు నా పక్కన కూర్చుని సెల్లులో ఏదో చదువుతూ మొహం ముడుచుకుంది. ఏమిటే అంటే, ఎవరో కొత్త సినిమాకి రెండు చుక్కలే వేశారట. నువ్వు చూశావా అంటే ఇంకా చూడలేదంది. చూడకుండానే ఏడుపేమిటే అన్నాను. “నీకు తెలీదులే పెద్ద నాయనమ్మా, ఒక్క రివ్యూ చాలు మనిషిని చంపెయ్యడానికి” అంది. నాకు తెలీదట. అయితే కాగితం, కలం తెచ్చుకో, నేను చెబుతా, నువ్వు రాయి అన్నాను. నాకు రాయడం రాదు. వేలిముద్ర పోయి సంతకం వచ్చింది గానీ అది అక్షరాలని కాదు, ముగ్గు పెట్టినట్టు పెడతాను. బస్సు బోర్డు మీద నందిగామ అన్నమాట కూడా నాకు ముగ్గులాగే గుర్తు.

మాది జగ్గయ్యపేట. మెట్ట పొలం, కంది, జొన్న, కాస్త మిరప. పొలం ఆయనే చేసేవాడు గానీ పొలంలో ఉండేది ఒళ్ళు మాత్రమే, మనసంతా నాటకంలో ఉండేది. నాగలి వెనక నడుస్తూ పద్యం ఎత్తుకునేవాడు. మా ఎడ్లకి కూడా ఏ పద్యం ఎక్కడ ఆగుతుందో తెలుసు. చివర రాగం తీసేచోటికి రాగానే అవి తమంతట అవే ఆగిపోయేవి, ఆ రాగం పూర్తయ్యేదాకా అడుగు వేసేవి కావు. ఊళ్ళో అందరి దున్నకాలూ అయ్యాక మాది అవుతుందని మా మామగారు తిట్టేవాడు, ఆయన్ని కాదు, ఎడ్లని. ఆయన్ని తిడితే ఆ రోజు పద్యం ఉండదని మామగారికీ దిగులే.

ఆయన వేసే నాటకం మా ఊరి పెద్దాయనొకడు రాసింది, అచ్చు కూడా కాలేదు. రాజ్యం పోగొట్టుకున్న రాజు ఏళ్ళ తరవాత తిరిగొచ్చి తన కోట తలుపు ముందే నిలబడతాడు. కావలివాళ్ళు గుర్తుపట్టరు. అప్పుడు పాడే పద్యం ఒకటుంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో మా ఆయన ఆ పద్యం ఎత్తుకుంటే, చివర చాప మీద నిద్రపోతున్నవాడు కూడా లేచి కూర్చునేవాడట. ఇప్పటివాళ్ళకి తెలీదు గనక చెబుతున్నాను, పద్యం బాగుంటే జనం “వన్స్ మోర్” అని అరిచేవాళ్ళు. అరిస్తే అదే పద్యం మళ్ళీ పాడాలి. చచ్చిన వేషం కూడా లేచి, పాడి, మళ్ళీ చావాలి. కాదనడానికి లేదు, అది జనం పెట్టే హారతి.

తరవాత ఆ నాటకాల జట్టు చెదిరిపోయింది. పదేళ్ళు దాటాక నందిగామ కాంట్రాక్టరొకడు ఆ నాటకాన్ని మళ్ళీ కడతానన్నాడు. కొత్త తెరలు, కరెంటు దీపాలు, మైకు. రాజు వేషానికి మాత్రం పాతవాడే కావాలని మా ఆయన కోసం మనిషిని పంపాడు. ఆయనకి అప్పటికి నలభై అయిదు దాటాయి. నెల రోజులు కారం మానేశాడు, మిరియాల పాలు తాగాడు, మజ్జిగ ముట్టుకోలేదు. మిరపతోట ఉన్న ఇంట్లో కారం మానేసిన మనిషిని చూసి మా అత్తగారు ఇదేం తపస్సురా అనేది. నాటకం రోజున ఆవిడకే జ్వరం వచ్చింది. నేను నందిగామ వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే ఇదంతా ఉండేది కాదు. చెవులైతే ఉన్నాయి కదా నాకు.

రెండు వారాలకి ఆ నాటకం గురించి రాసిన పత్రికలొచ్చాయి. ఆయన పొలానికి వెళ్ళిన వేళ ఆయన పద్యమంటే ప్రాణం పెట్టేవాళ్ళు ముగ్గురు మా పంచలో చేరారు. లెక్కల మాస్టారు, మిరపకాయల కొట్టు షావుకారు మా ఊరివాళ్ళే. మూడో ఆయన నందిగామ కోర్టులో ప్లీడరు గుమాస్తా, ఆ పత్రికలు పట్టుకుని మొదటి బస్సులో దిగాడు. నేను లోపల కాఫీ కలుపుతున్నాను. తలుపు ఓరగా ఉంది.

“గడియారం చూసుకుంటూ చూశాడయ్యా వీడు నాటకం” అన్నాడు మాస్టారు. “పద్యానికి రాగం ఎక్కువైందట. రేపు పప్పులో ఉప్పెందుకని కూడా రాస్తాడు.”

“ఆ రెండో పత్రికవాడు కాస్త నయం. అంతా తెరల గురించే రాశాడు” అన్నాడు షావుకారు.

“తెరలు పాడినయ్యా అని అడగాల్సింది వాణ్ణి.”

“వాళ్ళ సంగతి వదిలెయ్యండి మాస్టారూ” అన్నాడు గుమాస్తా. “రాసినదాంట్లో అబద్ధమేముందో చెప్పండి. రెండోసారి దాకా బాగానే పాడాడు. మూడోసారి గొంతు పగిలింది. నేను ముందు వరసలోనే ఉన్నా.”

“ఉంటే ఉన్నావు. విన్నవాడివి ఊరుకోవాలి. ఇంట్లో మనిషికి దగ్గొస్తే ఊరంతా టముకు వేయిస్తామా?”

“ఊరుకోవాల్సింది నేను కాదండి. మూడోసారి వన్స్ మోర్ అని అరిచిందెవరు? షావుకారు గారు కాదూ?”

షావుకారు “అభిమానం కొద్దీ అన్నానయ్యా” అన్నాడు. సంతలో బేరం చేసే గొంతు కాదది. నేను కాఫీ గ్లాసులతో గడప దాటగానే ముగ్గురూ ఒక్కసారే వానల గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. వెళ్తూ వెళ్తూ ఒక పత్రిక అరుగు మీద మర్చిపోయారు.

గొంతు పగిలిందన్న మాట వినగానే నాకు భయం పట్టుకుంది. ఆ కాగితం పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. నల్లగా చీమల బారు. అందులో ఎక్కడో ఆయన ఉన్నాడు, ఏ చీమో తెలీదు. ఇంతలో మా మరిది, అంటే ఇది రాస్తున్న పిల్ల తాత, తాలూకా ఆఫీసు నుంచి వచ్చాడు.

“వదినా, కాఫీ ఉందా?”

“ముందు ఇది చదువు.”

తీసుకుని చాలాసేపు చూశాడు. లోపల చదువుకోవడం కాదు, పైకి చదవమన్నాను. “అచ్చు సరిగా పడలేదు వదినా, ఉండు” అన్నాడు. తరవాత మెల్లగా చదివాడు. రాజు వేషధారి పద్యం ఎత్తుకోగానే నందిగామ జనం ఊపిరి బిగబట్టి కూర్చున్నారట. మూడుసార్లు పాడించుకున్నా తనివి తీరలేదట. పాత నాటకం మళ్ళీ బతికిందంటే అది ఆ ఒక్క గొంతు వల్లేనట.

నేను కూడా మూడుసార్లు చదివించుకున్నాను. మూడుసార్లూ ఒక్క మాట తేడా లేదు, మూడోసారి మాత్రం వాడి గొంతు కాస్త వణికింది. అన్న మీద ప్రేమనుకున్నాను. ఆ గుమాస్తాకి బుద్ధి లేదు, కళ్ళు కుట్టాయి వెధవకి అనుకున్నాను. భయపడి ఉన్నదాన్ని కదా, ఆ భయమంతా సంతోషమైపోయింది. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి, ఆ కాగితాన్ని ఆయన మంచానికి ఎదురు గోడకి, అద్దం పక్కన అంటించాను. పొద్దున లేస్తే కనపడాలి, తల దువ్వుకుంటే కనపడాలి.

సాయంత్రం ఆయన వచ్చి, తువ్వాలు భుజం మీద వేసుకుని, అద్దం ముందు నిలబడి, దువ్వెన చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చివరిదాకా చదివాడు.

“ఇది ఎవరు అంటించారే?”

“నేనే.”

“చదివిందెవరు?”

“మీ తమ్ముడు.”

“ఏమని చదివాడు?”

నాకు అప్పటికే నోటికి వచ్చేసింది. గడగడా చెప్పాను. ఆయన దువ్వెన కింద పెట్టి, మంచం మీద కూర్చుని, ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. “బాగుంది” అన్నాడు. వంకరగా అంటించానేమో, తీసి మళ్ళీ అంటించనా అని అడిగాను. “వద్దు, ఉండనీ” అన్నాడు.

తరవాత బెజవాడలో అదే నాటకం వేశారు. రాజు వేషానికి గుంటూరు వైపు నుంచి కొత్తవాణ్ణి తెచ్చుకున్నాడు కాంట్రాక్టరు. మా ఆయన నాతో ఏమన్నాడంటే, పొలం పనులున్నాయి, నేనే రానన్నాను అన్నాడు. నేను ఊరుకున్నానా. పత్రికవాడు అంతలేసి మాటలు రాస్తే ఇంట్లో కూర్చుంటారా, మీకు పొగరెక్కింది, దేవుడిచ్చిన గొంతు పొలానికి పెడతారా అని దులిపేసేదాన్ని. ఒకరోజు కాదు, ఏళ్ళ తరబడి. ఆయన ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. నాగలి వెనక పద్యం ఆగిపోయింది. ఎడ్లు మొదట్లో పాత అలవాటుతో ఆగి వెనక్కి చూసేవట. ఆ ఏడాది ఊళ్ళో అందరికంటే ముందు మా దున్నకం అయిపోయింది.

ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ నేను ఆ గోడ చూపించేదాన్ని. అల్లుళ్ళ వరస వాళ్ళకి, ఎరువుల ఆఫీసరుకి, పెళ్ళిపిలుపులకి వచ్చినవాళ్ళకి. చదువొచ్చినవాళ్ళు మనసులోనే చదువుకునేవాళ్ళు. ఆయన అక్కడే కూర్చుని ఉండగా చదివేవాళ్ళు. చదివి నా మొహం చూసి, ఆయన మొహం చూసి, వేళవుతోందని లేచేవాళ్ళు. ఒకసారి ఆ గుమాస్తాకే వేలు పెట్టి చూపించాను. “చూశారా, కాగితం ఏమంటోందో” అన్నాను. గుమాస్తా చూశాడు. కాఫీ సగం తాగి గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. మాస్టారు రావడం తగ్గింది. షావుకారు బజారులో నన్ను చూస్తే కొట్టులోకి తప్పుకునేవాడు. ఓర్వలేనితనం అనుకున్నాను.

ఆయన మాత్రం ఎప్పుడన్నా అడిగేవాడు, “అందులో ఏముందో చెప్పవే” అని. వాన పట్టిన రోజుల్లో ఎక్కువగా అడిగేవాడు. నేను పిండి చేతులతోనో, చేట పట్టుకునో అలాగే నిలబడి చెప్పేదాన్ని. కళ్ళు మూసుకుని వినేవాడు. మా కాపురంలో సరసమంటే అదే. ఎదురుగా పెట్టుకుని నాచేత చెప్పించుకోవడమేమిటని నవ్వుకునేదాన్ని. ఏడెనిమిదేళ్ళు అలా సాగింది. ఆ పాల రోజున మాత్రం చెప్పలేదు.

పదకొండో రోజున పరామర్శకి వచ్చినవాళ్ళకి గోడ చూపించి, ఆయన ఎంతటివాడో వినండి అని మొదలుపెట్టాను. ఊపిరి బిగబట్టి కూర్చున్నారట అనగానే మా మరిది వచ్చి నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. “వదినా, ఆపు. అందులో అది లేదు” అన్నాడు.

“మరి ఏముంది?”

వాడు చదవలేనన్నాడు. చదవకపోతే ఈ గుమ్మం తొక్కొద్దన్నాను. అందరి ముందూ చదివాడు. రాజు వేషధారికి వయసు మీరిందట. ఒకప్పుడు గొంతు ఉండేదేమోనట. మూడోసారి పద్యం ఎత్తుకుంటే అది పగిలి, జనం సిగ్గుతో తలలు దించుకున్నారట. పాత నాటకం మళ్ళీ బతకాలంటే పాతవాళ్ళు ముందు తెర దిగాలట. ఇది కూడా నాకు ఒక్కసారికే నోటికి వచ్చేసింది. మళ్ళీ చదవమని అడగలేదు.

“నీ మొహం చూసి భయపడి అలా చదివాను వదినా. నువ్వు గోడకి అంటిస్తావని కల కన్నానా. ఆ రోజే అన్నయ్యతో చెప్పా, వదినకి నిజం చెప్పేస్తానని. వద్దన్నాడు. వాడు రాసింది నేను ఎలాగూ మర్చిపోలేను, నువ్వు చదివింది అది చెబుతుంటే విననివ్వరా అన్నాడు.”

వాణ్ణి ఒక్క మాట అనలేదు. ఏమని అనను? వాడు ఒకసారి చదివాడు, ఏళ్ళ తరబడి అంటించి ఉంచింది నేను. గోళ్ళతో గీకాను, రాలేదు. మైలుతుత్తం బాగా పనిచేసింది, పురుగు కూడా ముట్టలేదు. మీద సున్నం వేయించాను. తరవాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ గోడే పోయింది.

కాలం గడిస్తే అన్నీ మరుపొస్తాయంటారు. చదువొచ్చినవాళ్ళకి వస్తాయేమో, కాగితం మీద పెట్టి మర్చిపోవచ్చు. నాకు ఆ దారి లేదు. ఆ అబద్ధమూ నోటికే, ఈ నిజమూ నోటికే, పాలు పొంగిన చప్పుడూ చెవిలోనే. ఆయన్ని అలా చదువుకోమని పంపిన తరవాత గడిచిన రోజులన్నీ ఒక్క రోజులాగే ఉన్నాయి.

అంతా రాశావా? ఏదీ, మొదటి మాట దగ్గర్నుంచి పైకి చదువు. నా మొహం చూడకు. మీ తాతలా కాకుండా, ఉన్నది ఉన్నట్టు చదువు.