ఎడమవైపు మేకు

"ఆపరేషన్ బాగా జరిగింది" అన్న మాట ఎవరి నోట విన్నా నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా ఆయన తలలో కుడివైపు వెనక భాగాన పెరిగిన గడ్డను తీసిన డాక్టరు నంద్యాలలో ఆ మాటే చెప్పి మమ్మల్ని పంపించేశాడు. కుట్లు మానాయి, చెయ్యీ కాలూ ఆడుతున్నాయి, మాట తడబడటం లేదు, ఇంకేం కావాలమ్మా అన్నాడు. ఇంకేం కావాలో అప్పటికి నాకూ తెలియదు. ఆయనకు దండం పెట్టి, ఆళ్లగడ్డ పక్కనున్న మా ఊరికి ఈయన్ను కారులో పడుకోబెట్టుకుని తీసుకొచ్చాను.

ఇంటికొచ్చిన కొద్దిరోజులకే పళ్ళెం దగ్గర గొడవ మొదలైంది. మా ఇంట్లో సంగటి ముద్ద కుడిచేతి కిందికి వచ్చేలా పెట్టి, పులుసైనా కూరైనా దానికి ఎడమవైపు వడ్డిస్తాం. మా అత్త నాటి నుంచీ అదే అలవాటు. ఈయన ఉత్త సంగటి మింగి, నీళ్ళు తాగి, ఎడమవైపున్నది ముట్టకుండా లేచేవాడు.

"కూర చెయ్యలేదా? ఉత్త సంగటి పెడతాండావేందీ" అనేవాడు.

"కండ్లు యాడ పెట్టుకున్నావు? ముందరనే ఉండాది కదా" అనేదాన్ని నేను.

పళ్ళెంలో కుడివైపు ఒకసారి చూసి, నేను పచ్చి అబద్ధం ఆడుతున్నట్టు నా ముఖంలోకి చూసేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో కోపాన్ని తిండి మీద చూపించిన మనిషి కాదు. ఆసుపత్రిలో రాత్రీ పగలూ చాకిరీ చేసినందుకు నా మీద కక్ష కట్టాడనుకున్నాను. నేనూ ఊరుకోలేదు. తింటే తిను లేకపోతే మానుకో అని పళ్ళెం విసురుగా పెట్టేదాన్ని.

ఈలోపు మా ఆడబిడ్డ, అంటే ఈయన అక్క, తమ్ముణ్ణి చూసుకుంటానని గోస్పాడు నుంచి వచ్చి దిగింది. ఆమె చూసుకున్నది తమ్ముణ్ణి కాదు, నన్ను. నేను ఉప్పు డబ్బా తెరిచినా ఆమె కళ్ళు నా చేతి మీదే. మావైపు పెళ్ళాం వడ్డించింది మగవాడు వదిలేసి లేస్తే దానికి ఒకటే అర్థం చెబుతారు, అన్నంలో మందు పెట్టిందని. జబ్బుకు వేసుకునే మందు కాదు. మొగుణ్ణి గుప్పిట్లో పెట్టుకోవడానికి కూరలో కలిపే మందు. మా ఆడబిడ్డ ఆ మాట మొదట్లో పైకి అనలేదు. దానికి ఒక ముహూర్తం చూసుకుంది.

తమ్ముడు బతికి ఇంటికొస్తే ఊరి దేవత పెద్దమ్మకు పొట్టేలును ఇస్తానని మొక్కుకుందట. ఆ మొక్కు తీర్చిన రోజు బంధువులంతా మా వసారాలో భోజనాల బంతిలో కూర్చున్నారు. ఈయనకు నేనే వడ్డించాను. అందరూ తింటుండగా ఈయన గొంతు లేచింది.

"అందరికీ ముక్కలు పెట్టి నాకు పెట్టలేదేందీ?"

విస్తరాకులో ఎడమవైపు ముక్కలు కుప్పగా ఉన్నాయి. బంతిలో ప్రతి ఒక్కరికీ అవి కనపడుతున్నాయి. మా ఆడబిడ్డ వచ్చి ఆ ఆకు తీసి అవతల పెట్టింది. కొత్త ఆకు వేసి, తమ్ముడికి కుడిపక్కన కూర్చుని, ఆకులో తన వైపు ముక్కలు పెట్టింది. ఈయన ఆవురావురుమని తిన్నాడు.

"బాగుండాదక్కా" అన్నాడు.

"నేను పెడితే తింటాండాడు. సూచ్చాండారు కదా" అని ఆమె బంతినంతా కలయజూసింది.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కానీ నేను పులుసు బకెట్ పట్టుకుని ముందుకు వెళితే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, చాలమ్మా చాలు అన్నారు. నా సొంత చిన్నమ్మ కూడా అంతే. ఆ రోజు మా ఆడబిడ్డను చంపేయాలనిపించింది. మాట వరసకు చెప్పడం లేదు, బకెట్‌లో గరిటె నా చేతిలోనే ఉంది.

తర్వాత నంద్యాలకు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరు ముందు ఇదంతా కక్కేశాను. ఆయన స్కాన్ వెలుతురుకు పెట్టి చూసి, గడ్డ మళ్ళీ రాలేదు, మీ ఇంటి గొడవలకు నేనేం చేయనమ్మా అన్నాడు. నేను కుర్చీలోంచి కదలకపోయేసరికి, చివరి గదిలో చూపించండి అని చెయ్యి ఊపాడు. ఆ గది తలుపు మీద న్యూరోసైకాలజిస్టు అని రాసి ఉంది. చదివి ఈయన అక్కడే నిలబడిపోయాడు.

"నాకేమన్నా పిచ్చా? నన్ను ఈడికి తెచ్చినావా?"

లోపల కూర్చున్న మేడం నాకంటే చిన్నది. ముఖంలో నవ్వు లేదు. నాకూ ఆమె మీద నమ్మకం లేదు. బిడ్డలకు ఆట నేర్పినట్టు ఒక కాగితం ఇచ్చి, దాని నిండా ఉన్న చిన్న చిన్న గీతలన్నిటినీ పెన్నుతో కొట్టేయమంది. గొప్ప వైద్యమే అనుకున్నాను మనసులో. ఈయన శ్రద్ధగా కొట్టేసి, అయిపోయింది మేడం అని పెన్ను పెట్టేశాడు. కుడివైపు ఒక్క గీత వదల్లేదు. ఎడమవైపు ఒక్కటీ ముట్టలేదు. ఆమె కాగితాన్ని తలకిందులుగా తిప్పింది.

"ఇవి ఇప్పుడు గీసినారా మేడం?" అన్నాడు ఈయన.

నేను ఆ కాగితం లాక్కుని చూశాను.

"కళ్ళకు ఏమీ కాలేదు" అంది ఆమె. "ఎడమవైపు అనేది ఒకటుందన్న సంగతే మెదడు వదిలేసింది. మనకు కనపడకపోతే కనపడలేదని తెలుస్తుంది. ఈయనకు అదీ తెలియదు. మీరు కూర పెట్టలేదనే ఈయన నిజంగా నమ్ముతున్నారు. అబద్ధమాడటం లేదు, మీ మీద కోపమూ కాదు."

సంతోషించాలి కదా. నాకు కోపం వచ్చింది. "ఈ మాట ఇంటికి పంపేటప్పుడే చెప్పడానికి మీకేం పోయింది మేడం? నన్ను మందు పెట్టిన దాన్ని చేసినారు ఊర్లో" అన్నాను.

"ఇంటికి పంపేముందు ప్రతి పేషెంటునూ ఒకసారి నా దగ్గర కూర్చోబెట్టమని అడుగుతూనే ఉన్నాను. స్కాన్ బాగుంటే మనిషి బాగున్నట్టే ఇక్కడ. ఇళ్ళలో కొట్టుకున్నాక నా దగ్గరికి పంపిస్తారు" అంది. ఆమె గొంతులోనూ నా గొంతులో ఉన్న మంటే ఉంది. అప్పుడు మాత్రం ఆమె కొంచెం నచ్చింది.

పళ్ళేనికి ఎడమ అంచున ఎర్రగుడ్డ కట్టమంది. ఆ ఎరుపు కనపడేదాకా తల తిప్పి, అప్పుడు తినడం మొదలుపెట్టమని ఈయనకు చెప్పింది. నన్ను ఎప్పుడూ ఎడమపక్కనే కూర్చోమంది, అటునుంచే మాట్లాడమంది. నిదానంగా వస్తుంది, పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేను అంది. చివరగా, తను మళ్ళీ పరీక్ష చేసి చెప్పేదాకా బండీ ట్రాక్టరూ ముట్టకూడదంది. ఈయన విననట్టు కిటికీలోకి చూశాడు. కిటికీ కుడివైపు ఉంది మరి.

ఇంటికొచ్చి మా ఆడబిడ్డ ఎదుటే పళ్ళెం తిప్పి చూపించాను. లేని కూర ఈయన కళ్ళముందు ఊడిపడింది. "ఇప్పుడు పెట్టినావా?" అన్నాడు. ఆమె మూతి తిప్పింది.

"పళ్ళెం తిప్పితే ఆ మందు పనిచెయ్యదా ఏందీ?" అంది.

ఆమెతో మాట్లాడటం అక్కడితో మానుకున్నాను. అప్పటికి శనగ విత్తే పదును వచ్చింది. ట్రాక్టర్ ఎక్కని మగోణ్ణి చూసి ఊరు నవ్వుతాదని ఆమె తమ్ముణ్ణి పొద్దస్తమానం పొడిచింది. ఒక మధ్యాహ్నం ఈయన ఎక్కనే ఎక్కాడు. వాకిట్లోంచి బయటికి తీస్తుంటే ఎడమ చక్రం పశువులకు మేత వేసే గాడిపాడును పగలగొట్టి, కట్టేసిన దూడ మీదికి పోయింది. తాడు తెంచుకుని దూకబట్టి దూడ బతికింది. ఈయన వెనక్కి తిరిగి, ఎవరు పగలగొట్టినారు గాడిపాడు అని అడిగాడు. మా ఆడబిడ్డ ముఖం తెల్లబోయింది. మరుసటి రోజు బస్సుకే గోస్పాడుకు పోయింది. తప్పు నాదని ఒక్క మాట అనలేదు, నేనూ పోయిరా వదినా అనలేదు.

ఆ సాయంత్రం ఈయన చొక్కా జేబులోంచి ట్రాక్టర్ తాళం చెవి తీశాను. ఎక్కడ దాచినా ఇల్లు తిరగేసి పట్టుకుంటాడు. అందుకని దాచలేదు. ఈయన పొద్దంతా ఎదురుగా కూర్చునే టీవీ గోడకు, టీవీకి ఎడమవైపు మేకు కొట్టి అందరికీ కనపడేలా తగిలించాను. పెట్టెలు, పరుపు, బియ్యం డ్రమ్ము అన్నీ వెతికాడు. దొంగముండా అని తిట్టాడు. ఆ తాళం చెవి ముందరే కూర్చుని తిట్టాడు. తిట్టినా పడ్డాను, చక్రం కింద మనిషి పడటం కన్నా నయం కదా.

మళ్ళీ నంద్యాలకు పోయినప్పుడు ఆ మేడంకు ఈ సంగతి గొప్పగా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె పెన్ను బల్ల మీద పడేసింది.

"నేను ఆయనకు ఎడమవైపు చూడటం నేర్పుతుంటే, మీరు చూడకపోవడాన్ని కాపలాకు పెట్టుకుంటున్నారా? తాళం చెవి మీ దగ్గరుందని ముఖాన చెప్పి ఇవ్వనని అనండి. రేపు ఆయన చూపు అటు తిరిగిన రోజు ఆ మేకు మీద ఏం కనపడుతుందో ఆలోచించారా?"

"మీరొచ్చి మా ఇంట్లో నాలుగు దినాలు ఉండండి మేడం, అప్పుడు చెప్పండి నీతులు" అని లేచి వచ్చేశాను. బస్సు ఆళ్లగడ్డ చేరేదాకా ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాను. తాళం చెవి మాత్రం మేకు నుంచి తీయలేదు.

కానీ ఆమె చెప్పినట్టు చేయించడం ఒక్కపూట కూడా మానలేదు. ఎర్రగుడ్డ, ఎడమపక్క కూర్చోవడం, అటునుంచి పిలవడం. పిలిస్తే తిరగడు, తిరిగేదాకా పిలవడం. ముందు పళ్ళెంలో సగం దాకా చూశాడు, తర్వాత ఎడమ అంచు చూశాడు. గుమ్మానికి ఎడమ భుజం తగలడం తగ్గింది. నాకు సంతోషంగా ఉండేది, ఆ వెంటనే నా చూపు మేకు మీదికి పోయేది.

ఒక పొద్దున టీవీ చూస్తూ ఈయన తల నెమ్మదిగా ఎడమకు తిప్పాడు, మేడం నేర్పినట్టే. చూపు టీవీ అంచు దాటి గోడ మీదికి పోయి ఆగింది. లేచి వెళ్ళి తాళం చెవిని చేతిలోకి తీసుకున్నాడు. అరుస్తాడని చూశాను. అరవలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఉండాదిది ఈడ?"

"గాడిపాడు పగిలిన దినం నుంచి."

"నాకు కనపడదని తెలిసే పెట్టినావా?"

"తెలిసే పెట్టినా."

తాళం చెవిని మళ్ళీ అదే మేకుకు తగిలించాడు. కుర్చీలో కూర్చుని, తల తిప్పి నన్ను నిండుగా చూశాడు. ఆపరేషన్ తర్వాత ఎడమవైపున్న నన్ను నేను పిలవకుండానే చూడటం అదే మొదటిసారి.

"నంద్యాలకు నేనొక్కన్నే పోతా, బస్సులో. ఆ మేడం ఎక్కమంటే ఎక్కుతా, వద్దంటే లేదు. నువ్వు మాత్రం ఇంక నా ఎడంపక్క కూచోవాకు."

మధ్యాహ్నం సంగటి పెట్టి, ఎడమవైపు పులుసు పోసి, నేను నా పళ్ళెం తీసుకుని వెళ్ళి వంటింటి గడప మీద కూర్చున్నాను. ఎర్రగుడ్డను తనే విప్పి అవతల పడేశాడు. పళ్ళెం ఎవరూ తిప్పలేదు. ఎడమ అంచు దాకా వేలితో ఊడ్చి, ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాడు. నా ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.