మడమలు రుద్దే రాయి

మొన్న ట్రంకుపెట్టె అడుగున పాత చీరముక్కలో చుట్టిన రాయి దొరికింది. మా నాయనమ్మ శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి కలకత్తా తెచ్చుకున్న మడమలు రుద్దే రాయి. మా అమ్మాయి దానికోసం చేయి చాపితే, నాకు తెలియకుండానే చెయ్యి పట్టుకుని ఆపేశాను.

కలకత్తా రేవు దగ్గర ఏక్‌బాల్‌పూర్‌లో మేమున్న వాడంతటికీ ఒకటే కుళాయి, దాని గట్టు మీద ఈ ఒక్కటే రాయి. రేవు పనికెళ్ళే మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలం, అందరం దాంతోనే కాళ్ళు రుద్దుకునేవాళ్ళం. సొంతూరి రాయని నాయనమ్మకి గొప్ప. రుద్దుకోకుండా వెళ్ళేవాళ్ళని వెనక్కి పిలిచేది. నాకు పదకొండేళ్ళప్పుడు అరికాల్లో పులిపిరి లేచింది. అడుగేస్తే గులకరాయి గుచ్చుకున్నట్టుండేది. నాయనమ్మ దాని మీద రాళ్ళుప్పు రుద్ది, ఆ ఉప్పు మూటకట్టి, ఆదివారం మిట్టమధ్యాహ్నం, గోడ మీద సుత్తీ కొడవలీ వేసి ఉన్న వీధి మలుపులో పెట్టి రమ్మంది.

"ఎవలు దాటితే ఆలకెల్లిపోద్ది. ఎనక్కి తిరిగి సూడకు," అంది.

చూశాను. పక్కింటి పిల్ల, నా ప్రాణస్నేహితురాలు, ఆ మూట దాటి నవ్వుతూ నా వెనకే వస్తోంది. నెల తిరిగేసరికి అదీ పులిపిరితో కుంటడం మొదలుపెట్టింది. తర్వాత దాని తల్లికి, ఆ పైన ఎదురింటాయనకి. ఇళ్ళ వరసలోనే, ఒక్క గడపా తప్పకుండా వస్తోంది. ఎవరూ లేనప్పుడు కూడా గట్టు మీద తడి పాదాల ముద్రలుండేవి. వాటిని దాటకుండా చుట్టూ తిరిగి వెళ్ళడం అలవాటైంది. విచిత్రమేమిటంటే నాది పోనేలేదు, పక్కన ఇంకో రెండు లేచాయి. నేనే దానికి అంటగట్టానన్న సంగతి చెబితే స్నేహం పోతుందని నోరు మెదపలేదు.

చివరికి నాయనమ్మ మా ఇద్దరినీ బెంగాలీ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఏడుస్తూ మూట సంగతి కక్కేశాను. ఆయన నవ్వలేదు. పులిపిరిని రెండువైపులా నొక్కి, పైచర్మం కాస్త గీకి, లోపలి నల్లచుక్కలు చూపించారు. ఇది ఆనెకాయ కాదు, తడిలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వైరస్ అన్నారు. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, మెల్లగా అరగదీసి మందు రాయమన్నారు; బ్లేడు పెట్టొద్దు, కాళ్ళు పొడిగా ఉంచుకోండి, ఎవరి చెప్పులు వాళ్ళే వేసుకోండి అన్నారు. తర్వాత, కాళ్ళు దేంతో రుద్దుకుంటారని అడిగారు.

నాయనమ్మ ముఖం పాలిపోయింది. దారిలో నా స్నేహితురాలి తల నిమిరింది.

"ఆ మూటేటీ సెయ్యలేదే అమ్మా. నా రాయే సేసింది," అంది.

నెలలు పట్టినా అందరికీ తగ్గింది. నాయనమ్మ ఆ రాయిని మళ్ళీ వాడలేదు, పారెయ్యనూ లేదు. బతికినన్నాళ్ళూ ఎవరు ఇంటికొచ్చినా ముందు వాళ్ళ కాళ్ళకేసి చూసేది. మొన్న ఆ రాయి చిల్లుల్లో నల్లచుక్కలు కనిపించాయి. మట్టే అయ్యుంటుంది. ముప్పై ఏళ్ళుగా నీళ్ళు తగలని రాయి అది, అయినా చూడగానే నా అరికాళ్ళకి తడి తగిలింది.