అమ్మ చెప్పని ఉదాహరణ

పొద్దున్నుంచి మేకప్ వేసుకుని కూర్చుంటే, సాయంత్రం “ఇయ్యాల మీ షాట్ లేదమ్మా” అన్నారు. ఫిల్మ్‌నగర్ నుంచి గదికొచ్చి కొబ్బరినూనెతో మొహం తుడుచుకుంటుంటే, ఆ వాసనకి అమ్మ గుర్తొచ్చింది.

అమ్మ కూడా జూనియర్ ఆర్టిస్టే. కృష్ణానగర్‌లో మా ఒంటి గదిలో, మేకుకి వేలాడే అద్దం ముందు ఇలాగే మొహం తుడుచుకుంటూ నాకు ఇంగ్లిష్ గ్రామర్ చెప్పేది. బడిలో మనందరినీ ఏడిపించిన జెరండ్లు గుర్తున్నాయా?

“ఎంజాయ్, ఫినిష్ తర్వాత వచ్చే క్రియకి ఐఎన్‌జీ పెట్టాలి తల్లీ. ‘ఆఫ్’ తర్వాతా అంతే.”

“ఉదాహరణ చెప్పమ్మా.”

“ఐ ఎంజాయ్ డాన్సింగ్. ఐ యామ్ ఫాండ్ ఆఫ్ యాక్టింగ్.”

‘ఐ యామ్ టైర్డ్ ఆఫ్ వెయిటింగ్’ అని మాత్రం అమ్మ ఏనాడూ చెప్పలేదు. ఇవాళ అద్దం ముందు ఆ వాక్యం నా నోట దానంతటదే వచ్చింది.