వరసలో ఒక్కడే

తాలూకా ఆఫీసు గుమస్తా తాతబ్బాయి అనాథాశ్రమంలో పెరిగాడు. ఆ సంగతి నర్సీపట్నంలో ఎవరికీ చెప్పలేదు. అడిగినవారితో, కొయ్యూరు అడవిలో పులి పెంచిందని ఒకసారి, సర్కస్ వాళ్లు మరిచిపోయి వెళ్లారని ఒకసారి అనేవాడు. హోటల్లో ఎడమచేత్తో కంచానికి కాపలా కాస్తూ, రెండు నిమిషాల్లో భోజనం ముగించేవాడు.

పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రి మన్మథరావు గారు, "మీవోళ్లెవరు బాబూ?" అన్నారు. తాతబ్బాయి పులి దగ్గర మొదలుపెట్టబోతుండగా దేవుడి గదిలో గంట మోగింది. వెంటనే లేచి, పకోడీల పళ్లెంతో గోడవారన వరసగా నిలబడ్డాడు. వరసలో అతనొక్కడే.

"ఇదేటయ్యా?"

"మా ఆశ్రమంలో ఇంతేనండి. గంట కొడితే నూటపాతికమందిమి లైను కట్టేవోళ్లం. ఆఖరోడికి పులుసులో ముక్కలుండవు." నిజం జారిపోయింది. సంబంధమూ పోయిందనుకున్నాడు.

పెళ్లికూతురు వరహాలు ఖాళీ పళ్లెమొకటి అందుకుని, వచ్చి అతని వెనకాల నిలబడింది.

"బేగి లెగు నాన్నా! నీకు పకోడీలక్కర్లేదేటి?"