నాలుగో బెజ్జం

మధ్యాహ్నం రెండు పదికి ట్రక్కు రాజోలు దాటి వశిష్ట గోదావరి గట్టు మీద ఆగింది. నేల బురద. ఆకాశం మబ్బు. నైరుతి గాలి. ఎదురుగా ఐదు గుడారాలు, నాలుగు చిన్న తెరచాప పడవలు. మూడేళ్లు మంచుకొండల్లో కాపలా కాసిన లాన్స్ నాయక్‌నైన నాకు వచ్చిన కొత్త డ్యూటీ అది. రెజిమెంట్ సెయిలింగ్ జట్టు ఎంపిక కోసం ఆరు వారాల శిక్షణ. మా అత్తగారి ఊరు అక్కడికి నాలుగు కిలోమీటర్లు.

మర్నాడే మా బావమరిది గట్టు మీదికి వచ్చాడు.

"సెలవాండీ బావగారూ?"

"డ్యూటీయేనయ్యా."

"పడవల్లోనాండీ? తుపాకీ తీసేసుకున్నారా ఏంటండీ?"

ఇంటికెళ్లి ఏం చెప్పాడో గాని, సాయంత్రానికి నన్ను మిలట్రీలోంచి పంపించేశారని ఊరంతా తెలిసిపోయింది.

నా జోడీ ఒక హవల్దారు. అనంతపురం మనిషి. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. కాలువల మధ్య పుట్టిన నాకు తెరచాప సంగతి ఓనమాలు రావు. వాన చుక్క కోసం ఆకాశం చూసే ఊళ్లో పుట్టిన ఆయన నాకు నేర్పాడు. ఆర్మీ అంటే అదే మరి.

ఆయన పాఠం ఒక్కటే. తెరచాప కట్టే నిలువు స్తంభం పేరు మాస్ట్. మాస్ట్‌ని మూడు స్టీలు తీగలు నిలబెడతాయి. ముందు ఒకటి, పక్కల రెండు. తీగల కింది కొసలు పడవకి బిగించిన బెజ్జాల పట్టీల్లో పిన్నుతో నిలుస్తాయి; పిన్ను కిందికి దించితే తీగ బిగుస్తుంది. గాలి ఎక్కువైతే మాస్ట్‌ని ఒక బెజ్జం మేర వెనక్కి వాల్చాలి. పక్క తీగల బిగువు రెండు వైపులా సమానంగా ఉండాలి. లేదంటే రోజంతా చుక్కాని కర్రతో కుస్తీయే.

నాలుగు జోడీల్లో రెండే జట్టులో ఉంటాయి. ఆఖరి శనివారం పోటీ. ఉస్తాద్‌కి పెన్షన్ ఇంక ఏడాదే. "ఇది పోతే నాకు మళ్లీ లేదప్పా" అన్నాడు టీ తాగుతూ.

శనివారం ఏడు నలభై. గాలి గట్టిగా ఉంది. "ముందు తీగ వదులు చేసినా. పక్క తీగలు మూడో బెజ్జం నుంచి నాలుగుకి దించల్ల. కుడిది నాది, ఎడమది నీది" అన్నాడు. నేను పట్టకారు వెతుక్కుంటున్నాను. తెరచాప అవతల నుంచి ఉస్తాద్ గొంతు వినిపించింది.

"నాలుగేనా?"

"ఆయ్" అన్నాను.

మా వైపు మర్యాదగా విన్నామన్నా ఆయే, చేసేశామన్నా ఆయే. ఇంతలో శిక్షణ చూసే కెప్టెన్ సాబ్ విజిల్ వేశారు. పట్టకారు వదిలేసి పడవ తోశాను. నా పిన్ను మూడులోనే ఉండిపోయింది.

ఎనిమిది పద్దెనిమిది. గాలి కుడి నుంచి ఉన్నంతసేపు బాగానే ఉంది. పడవ తిప్పి గాలి ఎడమ నుంచి తగలగానే మాస్ట్ కుడికి ఒరిగింది, చుక్కాని మాట వినడం మానేసింది. పోటీకి పన్నెండు నిమిషాలుంది. రేడియోలో కెప్టెన్ సాబ్ మా పడవ నంబరు పిలిచారు.

"త్రీ, ఏమైంది? ఓవర్."

"చిన్న పని సార్. ఓవర్" అన్నాడు ఉస్తాద్.

ఇసక తిప్ప మీదికి పడవ లాగాం. ఉస్తాద్ ఎడమ తీగ చూశాడు, నన్ను చూశాడు.

"నాలుగంటే ఆయ్ అన్నావు కదప్పా."

"విన్నానన్నానండి."

"మరి చేసినానని ఎట్ల చెప్తారు మీ ఊర్లో?"

"అదీ ఆయేనండి."

తిడతాడనుకున్నాను. నడుం పట్టుకుని నవ్వాడు. "ఇంగ మీద నీకు ఆయ్ బంద్. నంబరు చెప్పు."

"ఎడమ నాలుగు" అన్నాను, పిన్ను దించి. మాస్ట్ కొన నుంచి రెండు పక్కలకీ టేపు పట్టాం. సమానం. తీగ బిగువు కొలిచే గేజ్ పెట్టాం. రెండు వైపులా ఒకటే అంకె.

పోటీ మొదలయ్యే గీత దగ్గరికి చేరేసరికి మిగతా మూడూ వెళ్లిపోయి రెండు నిమిషాలైంది. ఆయన ఆఖరి అవకాశం నా నోటి దురుసుతో కాదు, నోటి మర్యాదతో పోయేట్టుంది అనుకున్నాను. మొదటి చుట్టులో నాలుగో స్థానం. రెండో చుట్టులో మూడు. చివరి చుట్టులో, ముగింపు గీత ఇంకా వంద గజాలుందనగా, రెండు. జట్టులో నిలిచాం.

సోమవారం ట్రక్కెక్కి యూనిట్‌కి తిరిగి వెళ్లాం. ఉస్తాద్ ఆ ఏడాదంతా జట్టులోనే ఉండి పెన్షన్ తీసుకున్నాడు. ఇప్పుడు నేనూ రిటైరై ఇంటి దగ్గరే ఉన్నాను. మంచుకొండల కబుర్లు చెప్పమని అందరూ అడుగుతారు. చెబుతాను. కళ్లు మూసుకుంటే మాత్రం ఆ వంద గజాలే కనిపిస్తాయి. ఉస్తాద్ చుక్కాని మీద నుంచి చెయ్యి తీసేసి, రెండు అరచేతులూ నాకు చూపించాడు. పడవ తనంతట తానే తిన్నగా వెళ్తోంది.