జాలి పీరియడ్

మా ఆఫీసుకు ఎవరు ఫోను చేసినా ముందు ఎత్తేది నేనే. ఒంగోల్లో ఈ స్విచ్‌బోర్డు ముందు కూర్చుని చాలా ఏళ్లయింది. మంచి కబుర్లూ చావు కబుర్లూ నా మీదుగానే లోపలి సీట్లకు వెళ్తుంటాయి. లైను కలిపి నేను తప్పుకుంటాను. పోయిన నెల ఒక ఉదయం వచ్చిన కబురు మాత్రం ఎవరికీ కలిపేది కాదు. "అక్కా, నువ్వేనా? మన టీచరు పోయారక్కా," అంది స్కూల్లో నా తర్వాత చదివిన అమ్మాయి. నిద్రలోనే పోయారట. ఈలోగా ఇంకో లైను మోగింది. ఎత్తి "నమస్కారమండి" అన్నాను. ఆ మాట ఎలా బయటికొచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

మాది వినుకొండ దగ్గర పల్లె. మిరపా పత్తీ వేసే ఇల్లు. నాకు పుట్టుకతోనే చూపు లేదు. మా హైస్కూల్లో నాలాంటి పిల్లలు కొద్దిమందిమి ఉండేవాళ్లం. మాకు బ్రెయిలు నేర్పడానికి వచ్చిన టీచరు ఆవిడ. స్కూలంతా ఆవిడను 'గుడ్డిపిల్లల టీచరు' అనేది. మాకు రోషం వచ్చేది కానీ, ఆవిడ నవ్వేసి ఊరుకునేవారు. "పిలవనీండమ్మా, పిలిచేకొద్దీ వాళ్ల నోరే అరుగుద్ది," అనేవారు.

నోట్లో ఎప్పుడూ లవంగం ఉండేది. బ్రెయిలు పలక మీద చుక్కలు పొడుస్తూ ప్రార్థన పాటలు కూనిరాగం తీసేవారు, శ్రుతి మాత్రం దేవుడికే వదిలేసేవారు. మెచ్చుకోవడం ఆవిడకు చేతకాదు. నూటికి తొంభై వచ్చినా "ఊఁ, ఫర్వాలేదు" దగ్గరే ఆగేది. మాతో నడిచేటప్పుడు చెయ్యి పట్టుకునేవారు కాదు. పక్కనే నడుస్తూ చెప్పులు కాస్త గట్టిగా ఈడ్చేవారు, ఆ చప్పుడు పట్టుకుని మేం నడవాలి. "చెయ్యి పట్టుకునే పుణ్యాత్ములు ఊరినిండా ఉన్నారు. దానికి నేనెందుకు?" అనేవారు. ఆ మాటకు అప్పట్లో ఒళ్లు మండేది నాకు.

తొంభైల చివర్లో నేను పది పాసయ్యాను. నాతోపాటు పాసైనవాళ్లు ఇంటర్‌కో, పత్తి ఏరడానికో, అత్తారింటికో వెళ్లారు. నేను నవారు మంచం మీదికి వెళ్లాను. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కాఫీ మంచం దగ్గరికే వచ్చేది. కల్లంలో మిరపకాయల తొడిమలు తీస్తానంటే మా అమ్మ "వద్దులేమ్మా, కళ్లల్లో కారం పడుద్ది" అనేది. ఆ కళ్లకు కొత్తగా పోయేదేముందని అడిగితే ఏడ్చేది. అంత ప్రేమలో ఊపిరాడక చచ్చిపోతానేమోనని భయమేసింది నాకు.

ఆ ఎండల్లోనే టీచరు మా ఇంటికి వచ్చారు. గుంటూరులో టెలిఫోన్ ఆపరేటరు శిక్షణ ఇస్తున్నారని, హాస్టలు కూడా ఉందని చెప్పారు. మా నాన్న మర్యాదగానే కాదన్నాడు.

"ఆడపిల్ల, పైగా చూపు లేదు. మేమున్నన్నాళ్లూ మేం చూసుకుంటాం. ఆ తర్వాత దాని అన్న ఉన్నాడు. మేం దానికేం తక్కువ చేశామండీ?"

"ఏమీ తక్కువ చెయ్యలేదు అన్నయ్యగారూ. అన్నీ మీరే చేసేస్తున్నారు. దానికి చెయ్యడానికేం మిగల్చలేదు."

నాన్న, "సరే, ఒక్కతే గుంటూరెళ్లి, పొద్దుగూకేలోపు ఒక్కతే ఇంటికి రమ్మనండి. అప్పుడు చూద్దాం," అన్నాడు. అది జరిగేది కాదని ఆయన ధీమా.

ఆ ప్రయాణానికి ముందు టీచరు నన్ను వెంటబెట్టుకుని ఆ దారంతా తిప్పారు. బస్టాండులో ఎటు దిగాలో, శిక్షణ కేంద్రానికి ఎక్కడ మలుపు తిరగాలో నేర్పారు. "గుంటూరు వచ్చిందని మిరప ఘాటే చెబుతుంది టీచర్," అన్నాను తెలివిగా. "ఎండాకాలం చెబుద్ది. వానాకాలం ఏం చేస్తావ్? ముక్కును నమ్ముకోబాక, నోరు తెరిచి అడుగు," అన్నారు.

ఆ రోజు నాన్నే నన్ను బస్సెక్కించాడు. ఎక్కించి ఊరుకోకుండా, "కళ్లు కనపడని పిల్లండీ, కాస్త జాగ్రత్తగా దించండి," అని బస్సు మొత్తానికీ నన్ను అప్పజెప్పాడు. ఇక చూడండి. ఒకావిడ నా సంచి తన ఒళ్లో పెట్టుకుంది. ఇంకెవరో జామకాయ చేతిలో పెట్టారు. గుంటూరు ఊళ్లోకి వచ్చాక, బస్టాండు ఇంకా రాకముందే, "ఆపండాపండి! కళ్లాసుపత్రి వచ్చింది!" అని నలుగురు ఒకేసారి అరిచారు. చూపు లేని పిల్ల గుంటూరు ఎందుకొస్తుంది మరి! నేను బస్టాండుకు టికెట్ తీసుకున్నానని కండక్టరుకు తెలుసు. "పాపం తెలియక తీసుకుంది," అని ఆయనే బస్సాపాడు. "నేను ఆసుపత్రికి కాదండీ," అన్నాను. ఆ గొంతు నాకే వినపడలేదు. "భయపడబాకమ్మా, ఆపరేషనుకు నొప్పుండదు," అంది సంచి పట్టుకున్నావిడ. చెరో రెక్కా పట్టుకుని దింపి, లోపల బల్ల మీద కూర్చోబెట్టి, దీవించి వెళ్లిపోయారు.

అక్కడి మనిషి నా పేరడిగింది. చూపించుకోవడానికి రాలేదంటే, "ముందు డాక్టరుగారిని చూడనీమ్మా," అంది. లేచి బయటికొచ్చాను. టీకొట్టు వాణ్ణి అడిగి, రోడ్డు దాటి, మళ్లీ అడిగి, ఎండలో ఎక్కడెక్కడో తిరిగి శిక్షణ కేంద్రం చేరేసరికి మధ్యాహ్నమైంది. గేటు దగ్గర లవంగం వాసన తగిలింది, టీచరు ముందు బస్సులోనే వచ్చి నాకోసం కాచుకున్నారు. ఏడుపు ఆగలేదు. "నాన్న ఇంక పంపడు టీచర్," అని జరిగింది చెప్పాను.

ఆవిడ నన్ను దగ్గరికి తీసుకోలేదు. "తప్పు నాదేనమ్మా. అడగడం నేర్పా గానీ, వద్దనడం నేర్పలేదు," అన్నారు.

ఆ గేటు దగ్గరే పాఠం మొదలైంది. "నేను ఫలానా చోటికి వెళ్తున్నానండీ, నాకు దారి తెలుసండీ." మళ్లీ. ఇంకా గట్టిగా. "అట్టా గొణిగితే నిన్ను వైజాగులో దించుతారు," అన్నారు. కాపలా మనిషి పడీ పడీ నవ్వుతున్నా ఆవిడ ఆపలేదు. "వద్దనేటప్పుడు 'అండీ' మర్చిపోబాక. వాళ్లేం చెడ్డవాళ్లు కాదు, తొందరెక్కువ, అంతే." నాన్నకేం చెప్పాలని అడిగాను. "జరిగిందే చెప్పు. దాచిపెట్టి గెలిస్తే రోజూ దాచుకుంటూ బతకాలి," అన్నారు.

తిరుగు బస్సులో ఎవరో ముసలాయన "ఎక్కడ దించాలమ్మా?" అనగానే నేర్చుకున్నదంతా అప్పజెప్పాను. "అరవబాకమ్మా, వినపడింది," అన్నాడు కండక్టరు. ఊరి దగ్గర దిగేసరికి రోడ్డు మీద నాన్న ఉన్నాడు. ఎప్పటినుంచి నిలబడ్డాడో. అక్కడే అంతా చెప్పేశాను, ఆసుపత్రి సంగతితో సహా. ఇద్దరం ఇంటివైపు నడిచాం.

"బస్సందరికీ అప్పజెప్పింది నేనే గదా," అన్నాడు ఇల్లు దగ్గరయ్యాక. ఇంకాసేపటికి, "ఈసారి ఎక్కేటప్పుడు నేనేం చెప్పన్లే," అన్నాడు. మా ఇంట్లో ఒప్పుకోవడమంటే అదే.

స్కూలు తెరవగానే టీచరు కొత్త పీరియడ్ ఒకటి పెట్టారు. బల్లలు బస్సు సీట్లలా వేసి, చూపున్న పిల్లల్ని కండక్టర్లుగా, దయగల అమ్మలుగా నిలబెట్టేవారు. వాళ్లు రెక్కలు పట్టుకుని లాగాలి, మావాళ్లు విడిపించుకోవాలి. పిల్లలు దానికి జాలి పీరియడ్ అని పేరు పెట్టారు. నా తర్వాత చదివినవాళ్లంతా ఆ బస్సెక్కి వచ్చినవాళ్లే. ఒకతను చిలకలూరిపేటలో ఎస్టీడీ బూత్ నడిపాడు. ఊరందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చి బూత్ మూతపడితే, పక్కవాళ్లు జాలిపడేలోపే రీచార్జి కొట్టు పెట్టుకున్నాడు.

ఉద్యోగం వచ్చిన రోజు ఆవిడకు ఫోను చేశాను. "ఊఁ, ఫర్వాలేదు," అన్నారు. తర్వాత చాలాసేపు మాట లేదు. లైను తెగిందేమో అనుకున్నాను. తెగలేదు.

టీచరు అంత్యక్రియలు సింగరాయకొండ దగ్గర వాళ్ల ఊళ్లో జరిగాయి. ఒక్కదాన్నే బస్సులో వెళ్లాను. జాలి పీరియడ్ పిల్లలు చాలామంది అప్పటికే వచ్చి ఉన్నారు. సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన ముగించి, తలా పిడికెడు మట్టి వెయ్యమన్నారు. ఎవరో పెద్దావిడ నన్ను పొదివి పట్టుకుని ముందుకు నడిపించింది. అక్కడ మట్టంతా ఇసుకే. నా అరచేతిలో పిడికెడు పోసి, తనే నా చెయ్యి వంచి, "అయిపోయిందమ్మా, రా," అని వెనక్కి లాగింది. ఆవిడ కూడా ఏడుస్తోంది.

"నేనింకా వెయ్యలేదండీ," అన్నాను.

"ఇప్పుడే వేశావు గదమ్మా."

"అది మీరు వేశారండీ. నేను వేసుకుంటాను, కాస్త పక్కకి జరగండి."

గట్టిగానే అన్నట్టున్నాను. పాడుతున్నవాళ్లు ఆగిపోయారు. నన్ను పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే వదిలాయి. వంగి, నేల తడుముకుంటూ ఇసుక కుప్ప దాకా వెళ్లాను. పైన వేడిగా ఉంది, లోపల తడిగా ఉంది. ఆ తడి ఇసుకే పిడికెడు తీసుకుని, గుంట అంచు చూసుకుని వదిలాను. పెట్టె మీద పడిన చప్పుడు విన్నాను.

నా వెనక ఎవరో మగపిల్లాడి గొంతు, "నన్నూ వదలండమ్మా, నేనూ వేస్తాను," అంది. అటు పక్క నుంచి ఇంకో గొంతు, "నేనూనండీ." పాట మళ్లీ మొదలవలేదు. జనం ఊరికే నిలబడి ఉంటే, కిందనుంచి పెట్టె మీద ఇసుక పడుతున్న చప్పుడు, ఆగి ఆగి, ఒక్కొక్కరిదీ విడిగా వినిపించింది.